మేకలు కుప్పంలో, పులులు నా సంచిలో

పాపా, చిన్నోడా, మీరిద్దురూ మొన్న ఫోన్లో "కుప్పం తాత ఎట్లుండాడవ్వా, నువ్వు పోయి సూసినావా" అని అడిగితిరి గదా. పోయొచ్చినా. ఫోన్లో అంతా సెప్పేలోపల మీకు ఆడ పూణేలో స్కూల్ టైమైపోతాది, నాకు బ్యాటరీ ఐపోతాది. అందుకే ఇట్ల తీరిగ్గా మాట్లాడి పంపిస్తాండా. అన్నం తింటా ఇనండి. రేపెప్పుడన్నా మీరు ఈ దోవన పోవల్సొస్తే పనికొస్తాది.

కుప్పం తాతంటే నా తమ్ముడు మునెప్ప. పెండ్లి సేసుకోని అత్తగారి ఊరు కుప్పంలోనే నిల్సిపోయినాడు. ఆయప్పకు మెడ కాడ గడ్డ లేసుండాది. ఆపరేషన్ సేసి తీసేయల్లంట. మంచి గడ్డో సెడ్డ గడ్డో తీసినాక గానీ తెలీదంట. సరే, తియ్యండమ్మా అంటే, డాక్టరమ్మ రక్తం సూసి, "ఈయప్పకు రక్తం శానా తక్కువుండాది, ఇంటికి పోయి బాగా తినిపించి తీసుకోని రండి, అప్పుడే సేస్తా" అనిందంట. ఈయప్పేమో తినేదే మానేసినాడు. మింగను అడ్డమేమీ లేదంట, డాక్టరమ్మే సెప్పింది. మనసే అడ్డం. ఆసుపత్రుల సుట్టూ తిరగతాంటే మేపేవాళ్లు లేక, ఉండే మేకలన్నీ అమ్మేసినాడు. దొడ్డి ఖాళీ అయిన రోజు నుంచి ముద్ద ముట్టల్యా.

మా మరదలు రాజమ్మ, అంటే ఆయప్ప పెండ్లాము, ఫోన్ సేసి ఒకటే ఏడుపు. "వదినా, వారం లోపల తిని రక్తం పట్టకపోతే ఆపరేషన్ ఎనక్కి పోతాది. నువ్వొస్తే గానీ దోవకు రాడు" అనింది.

ఈడ మా కత సెప్పనక్కర్లేదు. టమాటా రేటు పడిపోయి, కోసి మదనపల్లి మండీకి తోలితే కూలి గూడా రాదు. మీ తాత మడి గట్టు మీద కూసోని, పిలవకుండా వచ్చిన సుట్టాల్ని సూసినట్ల ఆ టమాటాల్ని సూస్తాంటాడు. మీ సిన్నవ్వ సరోజ నా మొగం సూసి, "అక్కా, కష్టాలు ఎట్లాగూ ఉండాయి, ఆడోళ్లకు బస్సు ఫ్రీగా ఉండాది. కష్టాల్ని గూడా ఎక్కించుకోని పోదాం పా" అనింది. అది నాకు తోడికోడలే గానీ, ఊర్లో ఉండే సినిమాహాలు అదే.

ఒట్టి సేతుల్తో పోతే బాగుండదని ఒక పెద్ద సంచి నిండా టమాటాలు పోసుకుంటిమి. తెల్లారి ఏడు గంటలకు మదనపల్లి బస్టాండులో పుంగనూరు బస్సు. ఎడమపక్క కిటికీ సీటు పట్టుకుందాం, పొద్దున పూట ఎండ పడదు అని సరోజ సెప్పింది. సెప్పి, ఆ సీట్లో అదే కూసునింది. ఎండ పూర్తిగా మా పక్కనే పడింది.

కండక్టరప్ప మా సంచి సూసి మొగం మాడ్సుకున్యాడు. "అవ్వా, ఈ బస్సులో మనుషులకంటే టమాటాలే జాస్తిగా ఉండాయి. మీకు ఫ్రీ గానీ టమాటాలకు ఫ్రీ లేదు" అన్యాడు.

"ఇవి గూడా ఆడోళ్లే నాయనా. కావల్లంటే ఆధార్ కార్డు సూపిస్తా" అంటిని.

ఆయప్ప నవ్వకూడదని శానా పట్టు పట్టినాడు గానీ ఆగల్యా. జీరో టికెట్లు రెండు సింపి ఇచ్చి ముందుకు పోయినాడు. నేను మీకు సెప్తా పాపా, గట్టిగా మాట్లాడి గెల్సినోళ్లను ఈడ ఎవురూ సూడల్యా. మెల్లిగా మాట్లాడితే, ఎదుటోళ్లు ఇనేదానికని దగ్గరికొస్తారు. అప్పుడు ఏమన్నా అనొచ్చు.

మా ఎనక సీట్లో ఒకామె కూసోనుండాది. నల్లగా, లావుగా, నోట్లో వక్క. సేతిలో సంచి లేదు, బిడ్డ లేదు, ఏమీ లేదు. సరోజకు అట్లాటోళ్లను సూస్తే ఊరకుండబుద్ధి కాదు.

"యాడికి పోతాండావమ్మా?"

"పుంగనూరుకు."

"ఏం పని?"

"ఏమీ లేదు. ఇంట్లో టీవీ సెడిపోయిండాది. మొగుడు పొద్దన్నుంచి టమాటా రేటు టమాటా రేటు అని ఆ ఫోన్ పట్టుకోని ఏడుస్తాంటాడు. ఆ మొగం సూసేదానికంటే బస్సులో జనాన్ని సూస్తే మేలు గదా అని ఎక్కతాండా. పుంగనూరులో ఒక టీ తాగి, మళ్లా ఇదే బస్సుకు ఎనక్కి వస్తా. మధ్యానం ఇంకోసారి పోయొస్తా."

"దినామూనా?"

"ఆదివారం రాను. ఆదివారం జనం జాస్తి, సీటు దొరకదు."

సరోజ మెల్లిగా నా సెవి కాడికొచ్చి, "అక్కా, మనింట్లో టీవీ యాల సెడిపోదో" అనింది.

ఆ టీవీ ఆమె మాకు పుంగనూరు దాకా కాలచ్చేపం. దోవలో ఎక్కే ప్రతి మనిషికీ ఒక కత కట్టింది. ముందు సీట్లో ఒకాయప్ప కోడిపుంజును తువ్వాల్లో సుట్టుకోని కూసోనుంటే, "వాడు పుంజును అమ్మను పోతాండాడు, పుంజుకు తెల్సు, అయినా కిటికీలోంచి సూసుకుంటా పోతాండాది సూడు. దాన్ని సూసి నేర్సుకోవల్ల" అనింది. సూస్తే నిజమే, పుంజు మెడ బయట పెట్టి ఆసామి మాదిరి సూస్తాండాది.

ఎనిమిదింటికి పుంగనూరు. బస్టాండు కాడ మిరపకాయ బోండా తినకుండా రావొద్దండి. నూనె కాగుతాంటే పక్కన నిలబడుకోని, "సన్నది వద్దు, లావుది ఎయ్యి" అని సెప్పల్ల. లేకుంటే సన్నవి కాగితంలో సుట్టి ఇచ్చేస్తారు. టీవీ ఆమె గూడా మాతో టీ తాగి, "పోయిరా అక్కా, మీ తమ్ముడు తింటాడులే. నవ్వొస్తే ఆకలి దాని ఎనకే వస్తాది" అని సెప్పి తన బస్సెక్కేసింది. పేరు గూడా అడగల్యా మేము.

పుంగనూరు నుంచి పలమనేరుకు ఇంకో బస్సు, పలమనేరులో మారి వి.కోట మీద కుప్పం. నేరుగా కుప్పం బస్సులు గూడా ఉంటాయంట, మేము ఉండేటప్పుడు ఒక్కటీ రాల్యా. పలమనేరు దాటినాక రోడ్డు పక్కన అడివి. మా ముందు సీట్లోకి ఒక రైతు వచ్చి కూసున్యాడు, తలకు పాగా. రాత్రి ఏనుగులొచ్చి ఆయప్ప తోటలో టమాటాలు తొక్కేసినాయంట.

"అయ్యో, ఎంత నష్టమప్పా" అంటిని.

"నష్టమేముందమ్మా. రేటుండే కాలంలో రాకుండా, రేటు పడినాక వచ్చినాయి. తొక్కినందుకు ఆ ఏనుగులే నష్టపోయినాయి, కాళ్లు కడుక్కునేదానికి నీళ్లు గూడా లేవు ఆడ" అన్యాడు. సెప్తా సెప్తా ఆయప్పే నవ్వేసినాడు. బస్సులో శానామంది నవ్వినారు. నవ్వు అయిపోయినాక ఆయప్ప కిటికీ పక్కకు తిరుక్కున్యాడు. సరోజ కొంగు ముడి ఇప్పి, ఏసుకోనొచ్చిన ఏంచిన చెనిక్కాయలు తీసి ఒక గుప్పెడు ఆయప్ప సేతిలో పోసింది. వి.కోట దాకా ఒలుసుకోని తింటా పోయినాడు.

ఆ దోవలోనే నాకు ఉపాయం తట్టింది. సరోజ, "గట్టిగా తిడదాం అక్కా, భయపెట్టి తినిపిద్దాం" అంటాండాది. ఇప్పటికే భయపడి సచ్చేవాన్ని ఇంకేం భయపెట్టేది? నాకు సిన్నప్పటి పులీమేక ఆట గుర్తొచ్చింది. మీకు తెలీదులే. నేల మీద గీతలు గీసి, ఒకరు మూడు పులులు పట్టుకుంటారు, ఇంకొకరు పదహైదు మేకలు. మేకలు ఒగటొగటే దించల్ల. పులి మేక మీద దూకి ఆ పక్క ఖాళీలో పడితే మేకను తినేసినట్ల. పులుల్ని కదలనీకుండా మేకలు సుట్టుముడితే మేకలోడు గెల్సినట్ల. సిన్నప్పుడు మేకలు తోలుకోని గుట్టకు పోయినప్పుడు బండ మీద ఇదే ఆట మాకు.

నా ఉపాయమేందంటే, మేకలకు బదులు టమాటాలు పెడతాం. మునెప్పకు పులులిస్తాం. పులి దూకి ఏ మేకను పట్టుకుంటే ఆ టమాటాను నిజంగానే తినల్ల. ఆటలో పడితే ఆయప్పకు ఒళ్లు తెలీదు, గెలవల్లనే పట్టుంటాది. పది మేకలు తింటే పది టమాటాలు లోపలికి. "ఎట్లుండాది?" అని సరోజను అడిగితే, "నువ్వు డాక్టరువై ఉండల్సింది అక్కా, ఈ పాటికి ఎంతమందిని సంపేసుంటావో" అనింది.

కుప్పంలో దిగేసరికి మధ్యానం అన్నం టైము దాటిపోయింది. బస్టాండులో ఒకరు తెలుగు, ఒకరు అరవం, ఒకరు కన్నడం. ఆటో అతను మూడూ కలిపి మాట్లాడినాడు. ఇంటి కాడ దిగి, సంచి మోసుకోని లోపలికి పోతే, మా రాజమ్మ సంచి సూసి నెత్తిన సేతులు పెట్టుకునింది.

"అయ్యో వదినా! మీరు గూడానా!"

సూస్తే వంటింట్లో ఒక మూలన టమాటాల గుట్ట. రోగిని సూసేకి వచ్చినోళ్లంతా టమాటాలే తెచ్చినారంట. పెద్దమండ్యం నుంచి వచ్చిన బంధువులు ఒక గంప, సోమల నుంచి వచ్చినోళ్లు ఇంకో గంప. బ్రెడ్డు తెచ్చినోడు ఒక్కడూ లేడు. మా సంచి గూడా ఆ గుట్ట మీద పోసేసినాం. అది ఇంకా పెద్దదైపోయింది.

మునెప్ప బయట అరుగు మీద కూసోనుండాడు. ఆ అరుగు రాతి ఫ్యాక్టరీలో పనికిరాదని పడేసిన నల్లబండ, మొగం కనపడేంత నునుపు. మనిషి సగమైపోయినాడు. కండ్లు రెండూ ఖాళీ దొడ్డి పక్కకే తిరిగుండాయి.

"వచ్చినావా అక్కా" అన్యాడు, అంతే. సరోజ, "ఏమప్పా, ఇంత సన్నంగా అయితే బండలో నీ నీడ గూడా పడదు" అంటే గూడా నవ్వల్యా. రాజమ్మ అన్నం తెస్తే నాలుగు మెతుకులు కెలికి తట్ట పక్కన పెట్టేసినాడు. మేము ముగ్గురం ఆయప్ప ముందరే కడుపునిండా తింటిమి. సిగ్గేసింది గానీ ఆకలి సిగ్గుకంటే పెద్దగుండాది.

ఎండ కొంచెం తగ్గినాక నేను సుద్దముక్క తీసుకోని నల్లబండ మీద గీతలు గీస్తిని. గుట్టలోంచి సన్న టమాటాలు పదహైదు ఏరుకోనొస్తిని. పులులకు మూడు నల్ల వంకాయలు, తొడిమెలతో. రాజమ్మ ఉప్పు కారం తెచ్చి పెట్టింది.

"నువ్వు పులులు పట్టుకో మునెప్పా. పట్టిన మేకను తినల్ల. ఇదే రూలు" అంటిని.

ఆయప్ప ఆ గీతల్ని శానా సేపు సూసినాడు. నా పక్కకు తిరిగి, కోపంగా, "నేను పులులు పట్టుకునేదా? ఎప్పుడన్నా పట్టినానా అక్కా? మేకలు కాసి పెరిగినోన్ని, మేకల్ని తినే పక్క కూసుంటానా?" అన్యాడు.

నిజం! సిన్నప్పుడు గుట్ట మీద వాడు ఒక్కనాడు గూడా పులులు పట్టల్యా. అట్లాటివాని ఎదుట నేను ఉపాయం పన్నినా! బస్సులో అంత దూరం వచ్చినాను గానీ ఆ సంగతే గుర్తురాల్యా.

సరోజ సీర కొంగు నోట్లో కుక్కుకోని నవ్వుతాండాది. "రూలు రూలే అక్కా" అనింది. ఆ మాటకు రాజమ్మ గూడా తలూపింది. ఇంకేముంది, వంకాయలు నా సేతికొచ్చినాయి.

మొదట నేను దూకే సోటుండి గూడా దూకల్యా, సూడనట్ల ఉండిపోతిని. వాడు పట్టేసినాడు.

"యాల దూకల్యా?"

"సూడల్యారా."

"సూసినావు. ఓడిపోవల్లని సూస్తాండావు. రోగిష్టోడని జాలి పడితే ఆడబాకు, లేసి పో. ఆడితే ఆట మాదిరి ఆడు."

దూకినా. ఉప్పు కారం అద్దుకోని తిన్యా. ఇంకోసారి దూకినా, మళ్లా తిన్యా. మూడో దానికి నా పండ్లు జివ్వుమన్యాయి. మీ సిన్నవ్వ వీపు నిమురుతా, "తిను తిను అక్కా, రక్తం పడతాది" అంటాండాది. ఆ మాటకు మునెప్ప మెల్లిగా నవ్వినాడు. నోరు మూసుకోని, భుజాలు మాత్రం ఊగుతా. రాజమ్మ వాకిట్లో నిలబడిపోయింది, గరిటె సేతిలోనే ఉండాది.

ఆడినించి వాడు ఒంగి కూసున్యాడు. ఇంక ఒక్క మేకను పోనీల్యా. ఒకదాని ఎనక ఒకటి జతగా నిలబెడతా, వేలితో తోస్తా, నాలిక మీద "హుర్ర్, హుర్ర్" అని అంటాండాడు. ఒక టమాటాకు తొడిమె కాడ తెల్ల మచ్చుంటే, "బొట్టుదానా, నువ్వు గట్టు మీదికి పోబాకు" అన్యాడు. అది ఆయప్ప అమ్మేసిన మేక పేరు. రాజమ్మ గబగబా లోపలికి పోయింది. మేము ఇననట్లనే ఉంటిమి.

కాసేపటికి నా మూడు వంకాయలూ కదిలే సోటు లేక నిల్సిపోయినాయి. నేను మూడు టమాటాల పులుపుతో కడుపు పట్టుకోని, "గెల్సినావు పోరా" అంటిని.

వాడు తువ్వాలు పర్సి, మిగిలిన టమాటాలన్నీ ఒగటొగటే ఎత్తి దాంట్లో పెట్టుకున్యాడు. "బతికినేటివి ఇంటికి తోలుకుపోవల్ల గదా" అన్యాడు. లేసి, మెల్లిగా నడ్సుకుంటా వంటింటికి పోయి, ఆ మూట రాజమ్మ సేతికిచ్చి, "వీట్ని నిప్పుల మీద కాల్సి, పచ్చిమిరపకాయలేసి ఊరిబిండి నూరు. సంగటి కెలుకు, గట్టిగా. ఆకలైతాండాది" అన్యాడు.

నేను ఊరుకోలేకపోతిని. "ఏరా, పులి తింటే తప్పంటివి, ఇప్పుడు నువ్వే మేకల్ని తింటావా?"

"మేపినోన్ని నేను. నేను తింటే తప్పేముంది? పులి ఏం మేపింది?" అన్యాడు.

ఆ మాటకు సరోజ అరుగు మీద పడి దొర్లింది. సంగటి ముద్దలు రెండు తిన్యాడు. మూడోది సగం తిని, "మిగిలింది మా అక్కకెయ్యండి, పులికి మేత తక్కువైంది" అన్యాడు. నాకైతే టమాటా పేరింటేనే వాంతికొస్తాండాది. ఆ పూట ఆడనే పడుకుంటిమి.

మర్నాడు తొమ్మిదింటికి ఎనక్కి బయల్దేరితిమి. బయల్దేరే ముందర ఇంకో ఆట ఆడల్ల అని పట్టు పట్టినాడు. మళ్లా టమాటాలు తినే పని పడకుండా ఆ పొద్దు ఉప్పుకారం నేనే దాచిపెడితిని. మళ్లా వాడే గెల్సినాడు, నా సేతకానితనం వల్లే. బెల్లమేసిన రాగిజావ గ్లాసు పక్కనే పెట్టుకోని, ఎత్తుకు ఒక గుక్క తాగతా ఆడినాడు.

అరుగు మీద నుంచి దిగొచ్చి, మూడు వంకాయల్నీ నా సంచిలో ఏసినాడు. "వీట్ని తీసుకుపో అక్కా. ఈడుంటే మేకలకు బెదురు" అన్యాడు. నేను ఆటో ఎక్కినాక, కమ్మీ పట్టుకోని, ఎవురికీ ఇనపడకుండా, "ఆపరేషన్ అయినాక మళ్లా రా. పులుల్ని మర్సిపోకుండా తీసుకోని రా. నేనుంటా" అన్యాడు.

"నువ్వు ఈడుండబట్టే గదరా నేనొచ్చేది" అంటిని.

వి.కోట దాటినాక రాజమ్మ ఫోన్ సేసింది. మళ్లా ఆకలంటాండాడంట, ఇంకా గుట్టలో టమాటాలు ఎన్నుండాయో సూస్తాండాడంట. "వారానికి రక్తం పట్టేస్తాదిలే వదినా" అనింది. పట్టల్ల. పడతాదో లేదో, గడ్డ మంచిదో సెడ్డదో, నాకు తెలీదు పాపా. తెల్సినట్ల మీకు సెప్పను.

పుంగనూరులో మళ్లా బోండాలు తింటిమి, ఈసారి సరోజే నిలబడుకోని లావువి ఏయించింది. మదనపల్లి బస్సెక్కితే ఎనక సీట్లో ఎవురనుకుంటారు? టీవీ ఆమె! వక్క నములుతా.

"తిన్యాడా మీ తమ్ముడు?"

"తిన్యాడు. నీ టీవీ బాగయిందా?"

"నిన్ననే బాగు సేయించినాడు మా ఆయప్ప."

"మరి యాల వచ్చినావు?"

"టీవీలో ఇంత బాగుండదక్కా" అనింది.

బస్సు కదిలింది. సరోజ సంచిలో సెయ్యి పెట్టి వంకాయలు బయటికి తీసి, "నల్లగా లేతగా ఉండాయి అక్కా, రాత్రికి గుత్తొంకాయ సేసుకుందాం" అనింది. నేను దాని సేతిలోంచి లాక్కోని మళ్లా సంచిలో ఏసుకుంటిని. అవి మళ్లా కుప్పం పోవల్ల. అప్పటికి ఎట్లాగూ వాడిపోయుంటాయిలే. పోనీ. పులులు వాడిపోతే మేకలకే మంచిది.